పద్దెనిమిదో నంబరును ఎవరూ పిలవలేదు

మళ్లీ మహమ్మారి వస్తే ఏం చేయాలో ఇప్పటి నుంచే ప్రణాళికలు రాస్తున్న ఆరోగ్య శాఖల, విద్యా శాఖల పెద్దలందరికీ,

నమస్కారం.

2020 మార్చిలో స్కూళ్లు మూసేసినప్పుడు నాకు 13 ఏళ్లు. ఇప్పుడు 19. లాక్‌డౌన్ మాట వచ్చినప్పుడల్లా మా ఇంట్లో అమ్మ ఒకటి చెబుతుంది, నాన్న ఒకటి చెబుతారు, చివరికి ఇద్దరూ నా వైపు తిరిగి "నీకేంలే, హాయిగా ఇంట్లో కూర్చున్నావు" అంటారు. ప్రేమగానే అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒక నంబరు గుర్తొస్తుంది. దాని గురించి చెప్పాల్సింది అమ్మానాన్నలకు కాదు, మీకు. అందుకే ఈ ఉత్తరం.

ముందే ఒక మాట చెప్పాలి. లాక్‌డౌన్ పెట్టడమే తప్పని గొడవపడటానికి నేను రాయడం లేదు. మా ఇంట్లో తాతయ్య ఉన్నారు. ఆయనకు ఎప్పటి నుంచో ఉబ్బసం. ఆ ఏడాది మేం తలుపులు వేసుకుని కూర్చోబట్టే ఆయన మాకు దక్కారని నమ్ముతాను. పొద్దున్నే ఆయన గదిలోంచి దగ్గు వినిపిస్తే ఇల్లంతా ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయేవాళ్లం. అది పాత దగ్గేనా, కొత్తదా అని చెవులు రిక్కించి వినేవాళ్లం. ఆ టెన్షన్ పడినవాడిగా చెబుతున్నాను, తలుపులు మూయాల్సి వస్తే మూయండి. మూశాక లోపల ఎవరున్నారో, బయట ఎవరు ఉండిపోయారో లెక్క చూసుకోలేదన్నదే నా బాధ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న కొవిడ్‌ను అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. మార్చి 11న దాన్ని మహమ్మారి అంది. 2023 మే 5న ఆ అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది. మొత్తం మూడేళ్ల మూడు నెలలు. పెద్దవాళ్లలో చాలామంది ఆ తర్వాత ఆపిన చోట నుంచే మళ్లీ మొదలుపెట్టగలిగారు. పదమూడేళ్లవాడికి ఆపిన చోటంటూ ఉండదు. ఆ వయసులో మనిషి ఆగడు కదా. ఎత్తు పెరుగుతాడు, గొంతు మారుతుంది, భయాలు మారతాయి, ఎవరితో ఏం మాట్లాడాలో అప్పుడే నేర్చుకుంటాడు. ఇవన్నీ నాకు ఒక గదిలో, గోడకు ఆనుకుని కూర్చున్న చోటే జరిగిపోయాయి.

స్కూల్లో ఆఖరి రోజు నాకు బాగా గుర్తుంది. మధ్యాహ్నం నోటీసు చదివారు. రేపటి నుంచి కొన్నాళ్లు సెలవులు అనగానే క్లాసంతా చప్పట్లు. నేనూ కొట్టాను. నా రోల్ నంబరు 17. నా పక్కన కూర్చునేవాడిది 18. వాడి పేరు ఇక్కడ రాయను, ఎందుకో తర్వాత చెబుతాను. ఆ రోజు లెక్కల క్లాసులో వాడి జామెట్రీ బాక్స్ అడిగి తీసుకుని, గంట కొట్టిన హడావుడిలో నా బ్యాగులోనే వేసేసుకున్నాను. మూత విరిగిపోతే రబ్బరు బ్యాండు చుట్టి వాడుకునేవాడు. ఇంటికొచ్చాక చూసుకున్నాను. స్కూలు తెరిచాక ఇచ్చేద్దాంలే అనుకున్నాను.

ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. నాకూ తమ్ముడికీ కలిపి అమ్మ ఫోన్ ఒక్కటే. తొమ్మిది నుంచి పదకొండు వరకు నాది, ఆ తర్వాత వాడిది. ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి, జారిపోకుండా కింద తువ్వాలు మడతపెట్టి కూర్చునేవాణ్ణి. హాజరు నంబర్లతో పిలిచేవారు. ఒక్కొక్కరూ మైక్ ఆన్ చేసి పలికి, వెంటనే ఆఫ్ చేయాలి. పదహారు. ప్రెజెంట్ మేడమ్. పదిహేడు. ప్రెజెంట్ మేడమ్. పద్దెనిమిది.

ఏమీ లేదు.

క్లాసులో ఎవరైనా రాకపోతే బెంచీ మీద ఖాళీ కనిపిస్తుంది. పక్కవాడు "రాలేదు మేడమ్, జ్వరమంట" అంటాడు. ఫోన్‌లో ఖాళీ కనిపించదు. మేడమ్ గారింట్లో ఫ్యాను తిరిగే చప్పుడు వినిపిస్తుంది. వెనక ఎక్కడో వాళ్ల పాప ఏదో అడుగుతుంటుంది. "పద్దెనిమిది... ఉన్నావా? నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అనుకుంటా" అని మేడమ్ పంతొమ్మిదికి వెళ్లిపోయేవారు. రోజూ ఆ నాలుగైదు సెకన్లు నాకు ఊపిరి ఆగినట్టుండేది. ఈ రోజైనా పలుకుతాడేమోనని.

మూడో వారంలో ఒక రోజు మేడమ్ పదిహేడు తర్వాత నేరుగా పంతొమ్మిది అన్నారు. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఇక ఎప్పుడూ పద్దెనిమిది అనలేదు. అరవై మంది ఉన్న క్లాసులో ఆ తేడా ఇంకెవరికీ తెలిసి ఉండదు. నాకు తెలిసింది. నేను మైక్ ఆఫ్ చేసేలోపే పంతొమ్మిదో నంబరు అమ్మాయి గొంతు వచ్చేసింది.

మేడమ్‌ను నేను తప్పుపట్టను. ఆమె ఒక చేత్తో వంట చేసుకుంటూ, ఒళ్లో పాపను పెట్టుకుని మాకు పాఠం చెప్పారు. ఎప్పుడూ చూడని యాప్‌ను రెండు రోజుల్లో నేర్చుకున్నారు. ఆమె ముందున్న పట్టికలో రెండే గళ్లు ఉన్నాయి, వచ్చారు, రాలేదు అని. నెలాఖరుకు శాతం కట్టి పైకి పంపాలి. వరసగా పది రోజులు పలకని పిల్లవాడి ఇంటికి ఎవరు ఫోన్ చేయాలి, ఫోన్ కలవకపోతే ఎవరు వెళ్లాలి, వెళ్లి చూసిన సంగతి ఎవరికి చెప్పాలి, వీటికి ఆ పట్టికలో చోటు లేదు. ఆ పట్టిక మేడమ్ తయారుచేసింది కాదు. పై నుంచి వచ్చింది.

వాడొక్కడే అయితే నేను ఇంత దూరం మీకు రాసేవాణ్ణి కాదు. స్కూళ్లు, కాలేజీలు మూతపడటం వల్ల 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది చదువు ఆగిందని ఐక్యరాజ్యసమితి 2020లోనే చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో యునిసెఫ్, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి మరో లెక్క బయటపెట్టాయి. 3 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లల్లో 130 కోట్ల మందికి ఇంట్లో ఇంటర్నెట్ లేదు. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి. చదువు ఆన్‌లైన్‌లోకి మారిందని మీరు ప్రకటనలు ఇస్తున్నప్పుడు ముగ్గురిలో ఇద్దరు పిల్లల ఇళ్లలో ఆ లైనే లేదన్నమాట. పద్దెనిమిదో నంబరు ఇంట్లో ఒక ఫోన్ ఉండేది. దాన్ని పొద్దున్నే వాళ్ల నాన్న పనికి తీసుకెళ్లేవారు. పని ఉన్నన్ని రోజులు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. ఆ రోజుల్లో ఎవరికైనా పాజిటివ్ వస్తే వాళ్లు ఎవరెవరిని కలిశారో వెతికి పట్టుకోవడం మీకు తెలుసు. ఎప్పుడు ఎక్కడికి వెళ్లారు, పక్కన ఎవరు కూర్చున్నారు, ఎంతసేపు కూర్చున్నారు అని రోజులు వెనక్కి లెక్కపెట్టి అడిగారు. ఫోన్లు చేశారు, ఇళ్లకు వెళ్లారు, 14 రోజులు బయటికి రావద్దని చెప్పి మళ్లీ వచ్చి చూశారు. అంత ఒత్తిడిలో అది చేయడం మాటలు కాదు, చేసినవాళ్లకు దండం పెడతాను. కానీ వైరస్ వెంట అంత దూరం వెళ్లగలిగిన వ్యవస్థకు, వరసగా నెల రోజులు "ప్రెజెంట్" అనని పిల్లవాడి ఇంటికి ఒక్కసారి వెళ్లడం చేతకాదా? చేతనవుతుంది. వెళ్లమని ఎవరూ రాసిపెట్టలేదు, అంతే.

ఇక లోపల ఉన్నవాళ్ల సంగతి. అంటే నా సంగతి.

నాకు తిండికి లోటు లేదు, ఫోన్ సగం రోజైనా ఉంది, మనుషులు చుట్టూ ఉన్నారు. అయినా ఆ ఏడాది నాకేదో అయింది. దానికి పేరు పెట్టడం నాకు చాలాకాలం చేతకాలేదు. ఏడుపు కాదు. భయమూ కాదు, భయం మొదటి రెండు నెలలే. ఆ తర్వాత ఏమీ అనిపించకపోవడం మొదలైంది. సోమవారమో గురువారమో తెలియదు. రాత్రి మూడింటికి మెలకువగా ఉండేవాణ్ణి, పొద్దున క్లాసులో కెమెరా ఆపేసి పడుకునేవాణ్ణి. అమ్మ అన్నం తినమంటే తినేవాణ్ణి, వద్దంటే మానేసేవాణ్ణి. మహమ్మారి మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని, యువతను అది మరీ ఎక్కువగా దెబ్బతీసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. ఆ వార్త చదివినప్పుడు నాకు బాధ కాదు, ఊరట కలిగింది. అయితే నేనొక్కణ్ణే కాదన్నమాట అనుకున్నాను. ఆ ఒక్క మాట రెండేళ్ల ముందే ఎవరైనా మాతో అని ఉంటే ఎంత బాగుండేది!

గొంతు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో నేను మాట్లాడేది చాలా తక్కువ. రోజు మొత్తంలో గట్టిగా పలికేది "ప్రెజెంట్ మేడమ్" ఒక్కటే. ఒక రోజు పదిహేడు అనగానే పలికాను. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత మేడమ్ "ఎవరండీ మాట్లాడేది? బాబు లేడా?" అన్నారు. మా నాన్న నా బదులు పలికారనుకున్నారు. మైక్ ఆఫ్ చేసి కూర్చున్నాను. చెవులు వేడెక్కిపోయాయి. నా గొంతు మారిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. మర్నాటి నుంచి పలకడం మానేసి చాట్‌లో ఒక అక్షరం టైప్ చేసి ఊరుకున్నాను. స్కూలు నడుస్తూ ఉంటే ఇలా జరిగేది కాదు. క్లాసులో సగం మంది గొంతులు ఒకేసారి బొంగురుపోయేవి, ఒకళ్లనొకళ్లం ఏడిపించుకునేవాళ్లం, వారంలో మర్చిపోయేవాళ్లం. ఒంటరిగా పెరగడమంటే ఏమిటో ఆ రోజు నాకు అర్థమైంది. ఒంట్లో వచ్చిన చిన్న మార్పు కూడా ఏదో తప్పు చేసినట్టు దాచుకోవాల్సిన సంగతి అయిపోతుంది.

"ఈ కాలం పిల్లలు, చేతిలో ఫోన్ ఉంటే చాలు, వాళ్లకేం కష్టం" అని మీలో చాలామంది అప్పుడు అనుకున్నారు. దయచేసి ఆ మాటను తర్వాతి ప్రణాళికలోకి రానివ్వకండి. స్నేహితుడంటే మాకూ పక్కన నడిచేవాడే. ఇంటికి వెళ్లే దారిలో పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూడా కలిసి నడవొచ్చు. ఫోన్‌లో అది కుదరదు. ఫోన్‌లో మాట ఆగితే కాల్ కట్ అయిందనుకుంటారు.

పిల్లలను గుర్తుపెట్టుకున్నవాళ్లు అసలు లేరని నేను అనను. 2020 మార్చి 16న నార్వే ప్రధాని ఎర్నా సోల్‌బర్గ్ పిల్లల కోసమే ప్రత్యేకంగా విలేకరుల సమావేశం పెట్టారు. అందులో పెద్దవాళ్ల ప్రశ్నలకు చోటు లేదు. పుట్టినరోజు చేసుకోవచ్చా, టీకా తయారవడానికి ఎంతకాలం పడుతుంది, మేం ఏం సాయం చేయగలం లాంటి ప్రశ్నలకు ఆమె ఓపికగా జవాబులు చెప్పారు. ఇన్ని ఒకేసారి జరుగుతున్నప్పుడు భయం వేయడం తప్పేమీ కాదని చెప్పారు. దానికి ఖర్చు ఎంతవుతుంది? మా ఇంట్లో ఆ నెలంతా టీవీలో కేసుల సంఖ్య తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆ సంఖ్యను చూస్తూ తమ్ముడు ఒక రోజు "ఇందులో మనం ఎన్నో నంబరు?" అని అడిగాడు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. మాలో ఎవరికీ ఏం చెప్పాలో తోచలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఉంది. అమెరికాలో చాలా నగరాలు బడులు మూసేస్తే న్యూయార్క్ మూయలేదు. ఆ నగర ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ దానికి చెప్పిన కారణం నాకు నచ్చింది. దాదాపు 10 లక్షల మంది బడిపిల్లల్లో ఎక్కువమంది ఇరుకిళ్లలో ఉంటున్నారు, బడికి వస్తే రోజూ ఎవరో ఒకరు వాళ్లను చూస్తారు, లక్షణాలుంటే వెంటనే తెలుస్తుంది అన్నారు. జబ్బు చేసినవాళ్లను వేరుచేసి ఇంటికి చేర్చి, ఆ ఇల్లు ఉండటానికి ఎలా ఉందో కూడా చూసేవారు. బడులు మూయొద్దని వాదించడానికి ఇది చెప్పడం లేదు. ఏ జబ్బుకు ఏది సరైనదో తేల్చాల్సింది డాక్టర్లు. వందేళ్ల కిందట ఒక అధికారి బడిని పాఠం చెప్పే చోటుగా మాత్రమే కాక, పిల్లవాణ్ణి రోజూ ఒకసారి కళ్లారా చూసే చోటుగా కూడా లెక్కలోకి తీసుకున్నారు. మీరు బడిని మూసేటప్పుడు పాఠానికి బదులు ఏమిటో ఆలోచించారు. ఆ చూడటానికి బదులు ఏమిటో ఆలోచించలేదు.

బడులు ఎక్కువకాలం మూస్తే ఎవరు తిరిగి రారో కూడా ప్రపంచానికి ముందే తెలుసు. సియెర్రా లియోన్‌లో ఎబోలా వల్ల 2014లో మూసిన బడులు 2015 ఏప్రిల్‌లో తెరిచారు. ఈలోగా చాలామంది అమ్మాయిలు గర్భవతులయ్యారు. అలాంటివాళ్లు బడికి రాకూడదని అక్కడ నిషేధం పెట్టారు. 2020 మార్చి చివర్లో, అంటే కొవిడ్ బడులను మళ్లీ మూయిస్తున్న రోజుల్లోనే, దాన్ని ఎత్తేశారు. ఆ దేశమే ఎబోలా నాటి రేడియో పాఠాలను కొవిడ్‌లో మళ్లీ మొదలుపెట్టింది. నేర్చుకోవడమంటే అది. మరోపక్క ఉగాండాలో 2020 మార్చిలో మూసిన బడులు పూర్తిగా తెరుచుకున్నది 2022 జనవరిలో. బొలీవియా 2020 ఆగస్టులో ఆ విద్యా సంవత్సరాన్నే ముగించేసింది. అక్కడ కూడా ఎన్ని పద్దెనిమిదో నంబర్లు ఉన్నాయో తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

మా స్కూలు తెరిచేసరికి ఏడాదిన్నర దాటింది. నేను మొదట చూసింది పాత హాజరు పట్టీనే. స్టాఫ్ రూమ్‌లో బల్ల మీద ఉంది. పద్దెనిమిదో వరసలో వాడి పేరు మీదుగా ఎర్ర సిరాతో, స్కేలు పెట్టి తిన్నగా గీసిన గీత. పక్కన ఒకటే మాట, "డ్రాపౌట్". తేదీ లేదు, కారణం లేదు. కొత్త రిజిస్టరులో పేర్లన్నీ వరసగా మళ్లీ రాశారు. పంతొమ్మిదో నంబరు అమ్మాయి పద్దెనిమిది అయింది. వాడి చోటు కనీసం ఖాళీగా కూడా లేదు. మొదటి వారంలోనే మాకు పరీక్ష పెట్టారు. ఎవరింట్లో ఎవరు పోయారు, ఎవరు ఎలా ఉన్నారు అని అడిగినవాళ్లు లేరు. దాని గురించి ఎక్కువ రాయాలని లేదు.

వాణ్ణి మళ్లీ చూసింది 2023లో. బస్టాపులో నిలబడి ఉంటే వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశాడు. నాకంటే ఎత్తయ్యాడు. చేతికి గోనెసంచుల దుమ్ము అలాగే ఉంది. గోడౌన్‌లో లోడింగ్ పని చేస్తున్నాడు.

"ఏరా, గుర్తున్నానా?" అన్నాడు.

"నీ గొంతేంట్రా ఇలా అయిపోయింది?" అన్నాను.

"నీదేమన్నా అలాగే ఉందా?" అన్నాడు.

ఇద్దరం ఒకళ్ల గొంతు ఒకళ్లం వింటూ కాసేపు నిలబడిపోయాం. మా ఇద్దరికీ గొంతులు మారిన సంగతి ఒకళ్లది ఒకళ్లకు తెలియదు. బస్సులు వచ్చి వెళ్లిపోయాయి.

అప్పుడు చెప్పాడు. వాళ్ల నాన్నకు పని ఆగిపోయింది. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసి బంధువుల దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడ స్కూలు తెరిచాక చేరదామని వెళ్తే పాత స్కూలు నుంచి సర్టిఫికెట్ తెమ్మన్నారు. పాత స్కూల్లో అడిగితే బాకీ ఫీజు కట్టి స్వయంగా వచ్చి తీసుకెళ్లమన్నారు. ఈ ఇద్దరి మధ్యా ఒక ఏడాది పోయింది. ఈలోగా చెల్లికి చదువు ఆగకూడదని వీడు పనిలో చేరాడు. "నెల రోజులే అనుకున్నారా" అన్నాడు.

ఆ తర్వాత అన్న మాట నేను జీవితంలో మర్చిపోలేను. "మొదట్లో రోజూ అనుకునేవాణ్ణి, స్కూలు నుంచి ఫోన్ వస్తుందని. నాన్న నంబరు స్కూల్లో ఉంది కదా. ఒక్కసారి చేస్తే, ఏమైందిరా అని అడిగితే, చెబుదామనుకున్నా."

నేనూ చేయలేదు. స్కూలువాళ్లు కనుక్కుంటారులే అనుకున్నాను. రోజూ హాజరులో ఆ నిశ్శబ్దాన్ని విన్నవాణ్ణి నేనే, అయినా కనుక్కోవడం నా పని అనుకోలేదు. పదమూడేళ్లవాడికి అంత తోచకపోవచ్చని అమ్మ సర్దిచెబుతుంది. నాకు మాత్రం అది ఇప్పటికీ ముల్లులాగే ఉంది. జామెట్రీ బాక్స్ నా దగ్గరే ఉందని చెబితే, "తమ్ముడికివ్వు, నాకెందుకు" అన్నాడు. ఇవ్వలేదు. బల్ల సొరుగులో అలాగే ఉంది.

1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను తర్వాత తీరిగ్గా చదివాను. 196 పక్షాలు దానికి కట్టుబడ్డాయి. పన్నెండో అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలంటుంది. ముప్పై ఒకటోది ఆటకు, విశ్రాంతికి హక్కు ఇస్తుంది. నన్ను ఆపేసింది మాత్రం ఇరవై ఎనిమిదోది. పిల్లలు క్రమం తప్పకుండా బడికి హాజరయ్యేలా, మధ్యలో ఆగిపోయేవాళ్ల సంఖ్య తగ్గేలా చర్యలు తీసుకోవాలని అందులో ఉంది. హాజరు అనే మాట అంత పెద్ద కాగితంలో ఉందని నాకు అంతకుముందు తెలియదు. మేడమ్ రోజూ పిలిచిన ఆ నంబర్లు ప్రభుత్వాలు ఇచ్చిన మాటలో భాగమన్నమాట.

మూడేళ్లకు పైగా చర్చించి 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభలో మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించారు. లాక్‌డౌన్ పెట్టమని ఏ దేశాన్నీ ఆదేశించే అధికారం ప్రపంచ ఆరోగ్య సంస్థకు లేదని అందులో స్పష్టంగా రాశారు. అంటే తాళం ఎప్పటిలాగే మీ చేతిలో ఉంది, ఏ దేశపు తాళం ఆ దేశం చేతిలో. కాబట్టి అడగాల్సింది మిమ్మల్నే.

తలుపులు మూసిన రోజు నుంచి హాజరు పట్టీలో మూడో గడి ఒకటి పెట్టండి. వరసగా మూడు రోజులు పలకని పిల్లలకు ఫోన్ చేయాలి. అది కలవకపోతే వారంలోగా ఒక మనిషి ఆ ఇంటికి వెళ్లాలి. టీచరే వెళ్లనక్కర్లేదు, జబ్బున్నవాళ్లను చూడటానికి ఇళ్లకు వెళ్లే ఆరోగ్య సిబ్బంది అదే వీధిలో తిరుగుతూనే ఉంటారు. వాళ్ల చేతిలో జ్వరాల జాబితాతో పాటు ఈ జాబితా కూడా ఉండాలి. ఇల్లు ఖాళీగా ఉంటే ఆ పిల్లవాడు ఎక్కడికి వెళ్లాడో కనుక్కుని అక్కడి బడికి చెప్పాలి. ఇది ఎవరి పనో ప్రణాళికలో హోదాతో సహా రాయండి. "సంబంధిత శాఖలు చర్యలు తీసుకుంటాయి" అని రాస్తే మళ్లీ ఎవరూ వెళ్లరు.

అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం, ముగిశాక రెండేళ్ల వరకు, ఏ బడీ పాత సర్టిఫికెట్ కోసం, పాత బాకీ కోసం పిల్లవాణ్ణి గుమ్మం దగ్గర ఆపకూడదు. ముందు కూర్చోబెట్టండి, కాగితాలు పెద్దవాళ్లు తర్వాత చూసుకోవచ్చు. బడి తెరిచిన మొదటి వారం పరీక్షలు వద్దు. ఒకళ్లనొకళ్లం చూసుకోనివ్వండి, మాట్లాడుకోనివ్వండి.

ఈ ప్రణాళికలు రాసే గదిలో మాలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. చిన్నవాళ్లకేం తెలుసు అనకండి. 2020 ఆగస్టు 13న ఇంగ్లండ్‌లో రాయని పరీక్షలకు లెక్కల సూత్రంతో మార్కులు వేస్తే, దాదాపు 40 శాతం గ్రేడ్లు టీచర్లు అంచనా వేసినదానికంటే తగ్గిపోయాయి. విద్యార్థులు రోడ్డెక్కారు. నాలుగు రోజుల్లో, 17వ తేదీన, ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. ముందే వాళ్లను కూర్చోబెట్టి అడిగి ఉంటే ఆ నాలుగు రోజుల ఏడుపు తప్పేది. అదే ఏడాది నవంబరులో ఇటలీలోని టురిన్‌లో పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె చలిలో మూసిన బడి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. అక్కడి నుంచే ఆన్‌లైన్ క్లాసు వింది. ఆ ఫొటో చూసినప్పుడు నాకూ వెళ్లి మా బడి గేటు ముందు కూర్చోవాలనిపించింది. ధైర్యం చాలలేదు. ఆ పని ఇప్పుడు ఈ ఉత్తరంతో చేస్తున్నాను.

పంపే ముందు దీన్ని వాడికి ఫోన్‌లో చదివి వినిపించాను. అంతా విన్నాడు. పేరు రాయొద్దు, చెల్లెలు చదువుకునే చోట తెలిస్తే బాగోదు, నంబరే రాయి అన్నాడు. అందుకే రాయలేదు. ఇంకో దిద్దుబాటు కూడా చెప్పాడు. నేను మొదట రాసిన ప్రతిలో వాడి గురించి "చదువు మానేసిన నా స్నేహితుడు" అని ఉంది. అక్కడ ఆపాడు.

"నేను మానేయలేదురా. నన్ను పిలవడం మానేశారు. అది మార్చి రాయి."

మార్చాను. మీ రిజిస్టర్లలో కూడా ఆ ఎర్ర సిరా మాట మార్చండి. ఇప్పుడు వాడికీ 19. పని అయ్యాక సాయంత్రాలు ఖాళీయేనని, పరీక్ష ఎక్కడ కట్టాలో చెబితే కడతానని అంటున్నాడు. వాళ్ల నాన్న పాత నంబరు ఇప్పటికీ పనిచేస్తోంది.

ఇట్లు,
పదిహేడో నంబరు